పీణ్యాలో చేయించిన గుండె పంపుల పరీక్షా రిగ్గు

గుండె ఎడమ జఠరికకు (శరీరానికి రక్తాన్ని నెట్టే కింది గదికి) తోడుగా అమర్చే పంపుల పనితీరును కొలవడానికి, శరీరంలోని రక్తప్రసరణను అనుకరించే గొట్టాల వలయాన్ని బెంగళూరు పీణ్యాలోని ఒక చిన్న వర్క్‌షాపులో చేయించుకున్నాము. నీటిలో దాదాపు 40 శాతం గ్లిజరిన్ కలిపితే రక్తానికి దగ్గరైన చిక్కదనం వస్తుంది. ఆ ద్రవంతో నిమిషానికి 5 లీటర్ల ప్రవాహం, 100 మిల్లీమీటర్ల పాదరస పీడనం వద్ద రోజంతా నడిపినా అక్రిలిక్ అతుకుల దగ్గర చుక్క కూడా కారలేదు. "బావి మోటారు బిగించినట్టే సార్, కాకపోతే ఇది అలిగే రకం" అన్నారు చిత్తూరు నుంచి వచ్చి స్థిరపడిన ఫిట్టరు.

అలిగింది మాత్రం ప్రవాహాన్ని కొలిచే ఫ్లో మీటరు. గొట్టంపై బిగించే ఆ అల్ట్రాసౌండ్ మీటరును వర్క్‌షాపువారు మంచినీటితోనే క్యాలిబ్రేట్ చేసి (రీడింగు సరిచేసి) ఇచ్చారు. గ్లిజరిన్ కలిస్తే ధ్వని వేగం మారుతుంది కనుక రీడింగు తప్పింది. కొలజాడీ, స్టాప్‌వాచ్ పట్టుకుని రెండు రోజులు మేమే సరిచూసుకోవలసి వచ్చింది. ఫిర్యాదు చేస్తే ఫోను ఎత్తడానికే వారం పట్టింది. హీటరు మాత్రం ద్రవాన్ని 37 డిగ్రీల వద్ద నిలకడగా ఉంచుతోంది.

ఎర్రకణాలు ఎంత చితుకుతున్నాయో చూసే 6 గంటల రక్త పరీక్షకు ఈ రిగ్గు పనికిరాదు. దానికి తక్కువ రక్తంతో నిండే, మూలల్లో నిల్వ ఉండనివ్వని చిన్న వలయాన్ని వేరే చోట చేయించుకుంటున్నాము.