మూడున్నర గంటలు, పదిహేను శాతం

కనుమ దారిలో చెట్టు కూలి వాహనాలన్నీ నిలిచిపోయేసరికి మా విద్యుత్ కారు బ్యాటరీలో 46 శాతం ఉంది. బయట కుండపోత. అద్దాలు మసకబారకుండా ఏసీ, వైపర్లు, దీపాలు నడవాల్సిందే. "ఇక్కడే ఆగిపోతే ఎలారా?" అని అమ్మ అప్పటికి అయిదుసార్లు అడిగింది. నాకూ గుబులుగానే ఉంది కానీ లెక్క వేసి చూశాను. మాది 40 యూనిట్ల బ్యాటరీ. నిలబడిన కారులో మోటారుకు పని లేదు, మిగతావన్నీ కలిపి గంటకు ఒకటిన్నర యూనిట్. మూడున్నర గంటలు ఆగుతూ, ఆరు కిలోమీటర్లు పాకుతూ బయటపడేసరికి 31 శాతం మిగిలింది.

నిజానికి ఛార్జి కరిగింది అంతకుముందు, ఖాళీ రహదారి మీద. ఎదురుగాలి, రోడ్డు మీద నీరు, వాటికి తోడు నా తొందర. వేగం 100 నుంచి 75కి తగ్గిస్తే గాలి నిరోధం దాదాపు సగమవుతుంది. ఆ సంగతి తెలిసీ ఆలస్యంగా తగ్గించాను.

దారిలోని ఛార్జింగ్ కేంద్రానికి కప్పు లేదు, దీపం లేదు. కారుకు తగిలించే రెండు ఛార్జింగ్ గన్లలో ఒకటి పనిచేయదు. రెండోదాని దగ్గర ఒక పెద్దమనిషి 80 దాటాక ఛార్జింగ్ నత్తనడక నడుస్తుందని ఎరగనట్టు 93 దగ్గర కునుకు తీస్తున్నాడు. ఆయన వెనక మరో ముగ్గురు. ఆగకుండా నెమ్మదిగా బసకు పోయాం.

గది ఇరుకు, వేడినీళ్లు అడిగిన గంటకు వచ్చాయి. అయినా మళ్లీ అక్కడికే వెళ్తాను, ఎందుకంటే రాత్రంతా వాడుకోవడానికి ఒక పెద్ద సాకెట్ ఇచ్చారు. వాళ్ల కుర్రవాడు తడినేల మీదుగా ఎక్స్‌టెన్షన్ తీగ లాగబోతే వద్దన్నాను. కారుకు గన్ను వానలో తగిలించినా భయం లేదు, రెండింటి మధ్య సంకేతాలు కుదిరాకే కరెంటు పారుతుంది. నీళ్లలో పడి ఉన్న ప్లగ్గుపెట్టెకు అలాంటి తెలివి ఉండదు. కారునే వసారాలోకి తెచ్చాం. తొమ్మిది గంటల్లో 22 నుంచి 80కి చేరింది.

తెల్లవారి 4 డిగ్రీల చలి. దిగుడు దారిలో మోటారే బ్రేకులా కారును నిదానిస్తూ కరెంటు పుట్టిస్తుందని, దాంతో ఛార్జి పెరుగుతుందని అమ్మకు గొప్పగా చెప్పాను. చల్లబడిన బ్యాటరీ వేగంగా ఛార్జి తీసుకోలేదు కనుక మొదటి మలుపుల్లో మామూలు బ్రేకే దిక్కయింది, అంకె 79కి దిగింది. పది కిలోమీటర్లు పోయాక 80, ఆ తర్వాత 81. అమ్మ కిటికీ వైపు చూడటం మానేసి ఆ అంకెనే చూస్తూ కూర్చుంది.