పాఠశాల పత్రాలు: బడి నేరుగా పంపడం మేలా, విద్యార్థి తానే నమోదు చేయడం మేలా?

అమెరికాలో పోటీ తీవ్రంగా ఉండే విశ్వవిద్యాలయాలకు దరఖాస్తు చేసే విద్యార్థులు వ్యాసాలను నెలల తరబడి దిద్దుకుంటారు కానీ, పాఠశాల నుంచి వెళ్లవలసిన పత్రాల సంగతి చాలామందికి గడువు ముంచుకొచ్చాకే గుర్తుకొస్తుంది. ఈ పత్రాలు చేరడానికి ప్రధానంగా మూడు మార్గాలున్నాయి. పాఠశాల వాటిని ఆన్‌లైన్‌లో నేరుగా పంపవచ్చు, విద్యార్థి తన మార్కులను దరఖాస్తులో తానే నమోదు చేయవచ్చు, లేదా సీలు వేసిన కవరును తపాలాలో పంపవచ్చు. ఏ మార్గాన్ని అంగీకరించాలో నిర్ణయించేది విశ్వవిద్యాలయమే. అయినా విద్యార్థికి ఎంపిక మిగిలే సందర్భాలు తక్కువేమీ కావు, ఎంపిక లేనిచోట కూడా ఏ మార్గంలో ఏ ప్రమాదం పొంచి ఉందో తెలిసి ఉండాలి.

మొదటి మార్గానికి బాగా తెలిసిన ఉదాహరణ కామన్ యాప్. 1975లో 15 కళాశాలలతో మొదలైన ఈ ఉమ్మడి దరఖాస్తును నేడు వెయ్యికి పైగా సంస్థలు స్వీకరిస్తున్నాయి. ఇందులో విద్యార్థి తన భాగాన్ని పూర్తిచేస్తే, పాఠశాల కౌన్సెలర్, అంటే పై చదువుల విషయంలో విద్యార్థులకు దారి చూపే ఉద్యోగి, తన ఖాతా నుంచి స్కూల్ రిపోర్టును (బడి గురించీ, అందులో విద్యార్థి స్థానం గురించీ చెప్పే పత్రం), ట్రాన్స్‌క్రిప్టును (చదివిన కోర్సులు, వచ్చిన గ్రేడ్ల అధికారిక పత్రం), సిఫార్సు లేఖను పంపుతారు. ఉపాధ్యాయుల లేఖలు వారి ఖాతాల నుంచే వెళతాయి. పన్నెండో తరగతి సగం పూర్తయ్యాక మిడ్ ఇయర్ రిపోర్టు, చదువు ముగిశాక ఫైనల్ రిపోర్టు వెళతాయి. ఈ మార్గానికున్న అసలు బలం స్కూల్ రిపోర్టే అని నా అభిప్రాయం. నూటికి 85 మార్కులు ఒక బడిలో సాధారణం కావచ్చు, మరొక బడిలో తరగతి మొత్తానికీ అత్యుత్తమం కావచ్చు. ఆ బడి మార్కులు వేసే పద్ధతి ఏమిటో, అక్కడ కఠినమైన కోర్సులు ఎన్ని దొరుకుతాయో, వాటిలో ఈ విద్యార్థి ఎన్నింటిని ఎంచుకున్నాడో చెప్పగలిగేది బడి ఒక్కటే. అదే మాట విద్యార్థి చెప్పుకుంటే దానికి అంత బరువు రాదు.

లోపం కూడా ఇక్కడే ఉంది. పని మరొకరి చేతిలో ఉంటుంది, వారి తీరికను బట్టి నడుస్తుంది. ఒక కౌన్సెలరుకు 250 మంది విద్యార్థులకు మించి ఉండకూడదని అమెరికన్ స్కూల్ కౌన్సెలర్ అసోసియేషన్ సిఫార్సు చేస్తున్నా, ఎన్నో బడులలో ఆ సంఖ్య అంతకంటే ఎక్కువే. కౌన్సెలర్ అన్న పదవే లేని దేశాల్లో ఆ బాధ్యత ప్రిన్సిపల్ మీదో, సీనియర్ ఉపాధ్యాయుల మీదో పడుతుంది. అలాంటప్పుడు వారి సొంత ఈమెయిలుకు బదులు పాఠశాల పేరున్న అధికారిక చిరునామాను ఇవ్వడం ఎంతో మంచిది. పత్రం నిజంగా బడి నుంచే వచ్చిందన్న నమ్మకం అక్కడి నుంచే మొదలవుతుంది.

రెండో మార్గానికి కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం మంచి ఉదాహరణ. డిగ్రీ చదువులున్న దాని తొమ్మిది క్యాంపస్‌లకూ ఒకటే దరఖాస్తు. దరఖాస్తు చేసేటప్పుడు ట్రాన్స్‌క్రిప్టు అడగరు, విద్యార్థి కోర్సులనూ గ్రేడ్లనూ తానే నమోదు చేస్తాడు. ఎవరి కోసమూ ఎదురుచూడనక్కరలేదు కాబట్టి ఇది తేలిక మార్గంలా కనిపిస్తుంది. అయితే తనిఖీ ఇక్కడ రద్దు కాలేదు, వాయిదా పడిందంతే. సీటు తీసుకున్నవారు అధికారిక ట్రాన్స్‌క్రిప్టును సాధారణంగా జులై 1లోగా పంపాలి. అందులోని వివరాలకూ దరఖాస్తులోని వివరాలకూ పొంతన కుదరకపోతే ఇచ్చిన సీటును రద్దు చేసే అధికారం విశ్వవిద్యాలయానికి ఉంది. అందుకే మార్కుల పత్రాన్ని ఎదురుగా పెట్టుకొని, తక్కువ గ్రేడు వచ్చినవీ మళ్లీ చదివినవీ సహా ప్రతి కోర్సునూ ఉన్నదున్నట్టు ఎక్కించాలి. విదేశీ విద్యార్థులు తమ మార్కులను అమెరికా పద్ధతిలోకి సొంతంగా మార్చకూడదు.

మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ (ఎంఐటీ) ఈ రెండు పద్ధతులనూ కలిపింది. కామన్ యాప్‌లో చేరకుండా సొంత పోర్టల్ నడుపుతూ, కోర్సుల వివరాలను విద్యార్థి చేతనే నింపిస్తుంది, స్కూల్ రిపోర్టునూ ట్రాన్స్‌క్రిప్టునూ బడి నుంచి తీసుకుంటుంది. లేఖల్లో ఒకటి గణితం లేదా సైన్సు ఉపాధ్యాయుల నుంచి, రెండోది మానవీయ శాస్త్రాలు, సాంఘిక శాస్త్రాలు లేదా భాషలు బోధించేవారి నుంచి రావాలి. రెండు వైపుల వివరాలూ పక్కపక్కనే ఉండే ఈ ఏర్పాటే నాకు అన్నింటికంటే న్యాయంగా తోస్తుంది.

తపాలా మార్గాన్ని మరో దారి లేనప్పుడే వాడాలి. ఆలస్యం అవుతుంది, పైగా విద్యార్థి కవరు తెరిస్తే అది అధికారిక పత్రమన్న హోదాను కోల్పోతుంది.

సిఫార్సు లేఖల విషయంలో ఇంకొక ఎంపిక ఉంది, దాన్ని చాలామంది చదవకుండానే దాటిపోతారు. విద్యార్థుల రికార్డుల గోప్యతకు సంబంధించిన 1974 నాటి అమెరికా చట్టం ఫెర్పా ప్రకారం, విశ్వవిద్యాలయంలో చేరిన విద్యార్థికి తన లేఖలను చూసే హక్కు ఉంటుంది. ఆ హక్కును ముందే వదులుకుంటారా, నిలుపుకుంటారా అని దరఖాస్తు అడుగుతుంది. వదులుకోవడమే మేలని నేను గట్టిగా చెబుతాను. విద్యార్థి చూడడన్న భరోసా ఉన్న ఉపాధ్యాయులు మనసులోని మాటను రాస్తారు, చదివేవారూ దాన్ని ఆ దృష్టితోనే స్వీకరిస్తారు. ఆ లేఖ ఎలా వస్తుందోనని భయం ఉంటే, హక్కును పట్టుకొని కూర్చోవడం కంటే వేరే ఉపాధ్యాయులను అడగడం సరైన పని.

మొత్తం మీద, విశ్వవిద్యాలయం రెండు మార్గాలనూ అనుమతిస్తే బడి నేరుగా పంపే మార్గాన్నే నేను ఎంచుకుంటాను. అయితే గడువుకు కనీసం నెల ముందు అభ్యర్థన ఇచ్చి, ఏ సంస్థకు ఏ పత్రం ఏ తేదీలోగా కావాలో ఒకే కాగితం మీద రాసి కౌన్సెలరుకు అందించాలి. పంపిన తర్వాత పోర్టల్‌లో కొన్నాళ్లపాటు ‘అందలేదు’ అని కనిపించవచ్చు. వేల పత్రాలను సరైన దస్త్రాలకు చేర్చడానికి అక్కడివారికి సమయం పడుతుంది. ఆ కంగారులో విద్యార్థి తానే ఒక స్కాన్ ప్రతిని పంపితే అధికారిక పత్రం స్థానం దానికి దక్కదు, దస్త్రంలో నకళ్లు మాత్రం పెరుగుతాయి. వారం పది రోజులు ఆగి, అప్పటికీ మార్పు లేకపోతే, పంపిన తేదీని కౌన్సెలరును అడిగి తెలుసుకొని ప్రవేశాల కార్యాలయానికి రాయాలి.