రెండు రోజుల కమ్మరం క్లాసు: ఒక కొక్కెం, ఒక ఉలి, ఒక బొబ్బ

ముందే చెప్పేస్తా, కత్తి చేసుకుని ఫొటో దిగి ఇంటికెళ్దాం అనుకునేవాళ్ళకి ఈ క్లాసు పనికిరాదు. రెండు రోజులు, రోజుకి ఎనిమిది గంటలు, ఆరుగురం, మూడు కొలుములు. చివరికి నా చేతికొచ్చింది ఒక ఎస్ ఆకారం కొక్కెం, ఒక ఉలి, చూపుడువేలి మీద ఒక బొబ్బ. మళ్ళీ వెళ్తావా అని అడిగితే మాత్రం వెళ్తా. ఎందుకో చెప్పాలంటే కాస్త పొడుగవుతుంది.

ఏడాదిగా వీడియోలు చూసి చూసి సగం పని వచ్చేసిందనే ధీమాతో వెళ్ళాను నేను. మొదటి గంటలోనే ఆ ధీమా దిగిపోయింది, ఎందుకంటే మాస్టారు మాకు సుత్తే ఇవ్వలేదు, నిప్పు రాజేయమన్నారు. బొగ్గు పోసి గాలి తిప్పడమే కదా అనుకుంటాం. కాదు. నేలబొగ్గు మొదట పచ్చటి పొగ కక్కుతుంది, ఆ పొగంతా పోయాక మిగిలే తేలికపాటి కోక్ ఉంటుంది చూడండి, అసలు వేడి దానిది. అందుకని కొత్త బొగ్గుని నిప్పు చుట్టూ గట్టులాగా పేర్చి, కాస్త నీళ్ళు చిలకరించి, అది కాలి కోక్ అయ్యేకొద్దీ కొంచెం కొంచెంగా లోపలికి నెడుతూ ఉండాలి. గంటకోసారి అడుగున పేరుకున్న చిట్టెం కొక్కీతో లాగి పారేయాలి, లేకపోతే గాలి ఆడదు. ఇదంతా చెయ్యడానికే మధ్యాహ్నం దాకా పట్టింది. నా పక్కనున్న కుర్రాడు "డబ్బులు కట్టింది బొగ్గు కలపడానికా" అని గొణిగాడు. నాకూ అదే అనిపించింది, కానీ రెండో రోజు నా నిప్పు నేనే చూసుకుంటుంటే ఆ మూడు గంటలు ఎందుకు పెట్టారో తెలిసింది.

ఇనుప కడ్డీ ఎక్కడ పెట్టాలన్నది ఇంకో సంగతి. గాలి వచ్చే రంధ్రం దగ్గరికి దూర్చేస్తే త్వరగా కాలుతుందని మనకి తోస్తుంది, నేనూ అదే చేశాను. అక్కడ గాలి ఎక్కువ, ఇనుము కాలే బదులు పొరలు పొరలుగా పొట్టు కడుతుంది. నిప్పు నడిబొడ్డున, గాలికి కాస్త పైగా, కడ్డీని అడ్డంగా ఉంచాలట. పైగా నేను మాటల్లో పడి మర్చిపోయాను. చూస్తే కొసన కాకరపువ్వొత్తిలా తెల్లటి రవ్వలు చిటపటలాడుతున్నాయి. భలే ఉందే అని నేను మురిసిపోతుంటే మాస్టారు వచ్చి ఫ్యాను ఆపేసి, "అది వెలుగు కాదు బాబూ, నీ ఇనుమే తగలబడిపోతోంది" అన్నారు. దాగలి (ఇనుము పెట్టి కొట్టే బరువైన ఇనుప పీట) మీద పెట్టి ఒక్క దెబ్బ వేస్తే ఆ కొస పుచ్చిన కర్రలా రాలిపోయింది. ఎంత వేడికి ఏ రంగు వస్తుందో ఆరోజు మొదలుపెట్టి చూడ్డం నేర్చుకున్నాను: మసక ఎరుపు అంటే దాదాపు 700 డిగ్రీలు, నారింజ 950 దరిదాపుల్లో, పసుపు 1100. షెడ్డుకి కిటికీలు ఎందుకు మూసేశారో కూడా అప్పుడే అర్థమైంది, ఎండలో ఈ రంగులేవీ కనపడవు.

సుత్తి చేతికొచ్చాక మొదటి పని, 10 మిల్లీమీటర్ల మెత్తని ఉక్కు కడ్డీకి మొన తీయడం. గుండ్రటి కడ్డీకి గుండ్రటి మొనే కావాలి కాబట్టి తిప్పుతూ కొడితే సరిపోతుందని ఎవరైనా అనుకుంటారు. అలా కొడితే లోపల నుంచి చీలి, కొస గొట్టంలా బోలుగా తయారవుతుంది. ముందు నాలుగు పలకలుగా కొట్టాలి, పావు వంతు తిప్పు, కొట్టు, మళ్ళీ వెనక్కి తిప్పు, కొట్టు. కావలసినంత సన్నబడ్డాక అంచులు కొట్టి ఎనిమిది పలకలు చెయ్యాలి, ఆ తర్వాతే గుండ్రం. ఇంత చిన్న విషయం నేను చూసిన ఏ వీడియోలోనూ నా బుర్రకెక్కలేదు, బహుశా వాళ్ళ చేతులు మరీ వేగంగా కదలడం వల్లేమో. ఇంకోటి, కిలో బరువున్న సుత్తిని బిగించి పట్టుకుంటే పావుగంటలో ముంజేయి రాయైపోతుంది. బొటనవేలు పిడి మీద నిలువుగా పెట్టకుండా, పట్టు వదులుగా, దెబ్బ తర్వాత సుత్తిని దాగలే పైకి ఎగరేసేట్టు కొట్టాలి.

ఇక్కడే నా మొదటి ఫిర్యాదు. మూడు దాగళ్ళలో ఒకటి మామూలు పోత ఇనుముది. మంచి దాగలి మీద ఉక్కు గుండు వదిలితే వదిలిన ఎత్తులో ముప్పాతిక వంతు పైనే తిరిగి లేస్తుంది. ఇది మాత్రం "దబ్" మని మింగేస్తుంది. మొదటి రోజంతా నా వాటాకి అదే వచ్చింది. చెయ్యి నెప్పి సగం దాని పుణ్యమే. దాని దిమ్మ కూడా నాకు బాగా కిందికుంది, నిలబడి పిడికిలి బిగించి చెయ్యి వేలాడేస్తే కణుపులు తగిలే ఎత్తులో దాగలి ఉండాలి, నేను మాత్రం నడుం వంచే కొట్టాను. పట్టుకార్లు ఇంకో బాధ. చదును మూతివి నాలుగు, గుండ్రటి కడ్డీకి సరిపోయేది ఒక్కటే, దానికోసం ఆరుగురం కొట్టుకున్నాం. చదును మూతి పట్టుకారులో గుండ్రటి కడ్డీ నిలవదు, దెబ్బ కాస్త పక్కకి పడితే ఎగిరిపోతుంది. నాది అలాగే ఎగిరి కింద పడింది. అప్పటికి ఎరుపు పోయి నల్లబడింది కదా అని ఎడంచేత్తో తీసుకున్నాను, అంతే. ఎరుపు కనపడకపోయినా 400 డిగ్రీలుండొచ్చని పొద్దున్నే చెప్పారు ఆయన, విన్నాను కూడా. చేతి వెనక భాగం దగ్గరగా పెట్టి వేడి చూసుకున్నాకే ముట్టుకోవాలి. పావుగంట చల్లటి నీళ్ళ కింద పెట్టించారు, తర్వాత తిట్టారు. ఆ వరస నాకు నచ్చింది.

రెండో రోజు ఉలి. పాత స్ప్రింగు ముక్కతో చేయించారు, ఎందుకంటే మొదటి రోజు కడ్డీలాంటి మెత్తని ఉక్కులో కార్బన్ పావు శాతం కూడా ఉండదు, కాల్చి ఎన్నిసార్లు నీళ్ళలో ముంచినా ఉలికి కావలసినంత గట్టిపడదు. ఒకావిడ ఇంటి నుంచి జింకు పూత ఉన్న కడ్డీ తెచ్చుకుంది, "ఆగమ్మా" అని మాస్టారు నిప్పులో పెట్టకముందే లాక్కున్నారు, జింకు 907 డిగ్రీలకే మరిగిపోతుంది, ఆ పొగ పీలిస్తే రాత్రికి చలిజ్వరం. సరే, ఉలి సంగతి. మొన సాగదీశాక కాల్చి, దారానికి కట్టిన అయస్కాంతం దగ్గరికి తెస్తూ ఉండాలి. 770 డిగ్రీల దగ్గర ఇనుము అయస్కాంతానికి అంటుకోవడం మానేస్తుంది. అది దాటి ఇంకాస్త కాలాక అంచు మాత్రం నూనెలో ముంచాలి. మా పక్కవాడు తొందరపడి నీళ్ళ తొట్టిలో ముంచాడు, "టిక్" అని సన్నగా వినపడింది. అంచున వెంట్రుకంత చీలిక, పొద్దుటి నుంచి చేసిన పనంతా పోయింది.

ఆ తర్వాత జరిగింది చూడ్డానికే ఈ క్లాసుకి వెళ్ళొచ్చు. గట్టిపడ్డ అంచుని రాయితో గబగబా రుద్ది తెల్లగా చేస్తే, ఉలి వెనక భాగంలో మిగిలిన వేడి మెల్లగా అంచు వైపు నడుస్తుంది. లేత గడ్డి రంగు, తర్వాత గోధుమ, దాని వెనకే ఊదా, నీలం, ఒకదాన్నొకటి తోసుకుంటూ ముందుకొస్తాయి. ఊదా అంచుకి చేరగానే మళ్ళీ ముంచెయ్యాలి. ఆలస్యమైతే అంచు మెత్తబడుతుంది, ముందే ముంచితే గాజులా పెళుసుగా మిగులుతుంది. నా చేతిలో ఆ రంగులు కదులుతుంటే ఊపిరి బిగబట్టి చూశాను, మాస్టారు నా వెనక నిలబడి ఒక్క మాట మాట్లాడలేదు.

ఇక బ్రోషర్‌లో రాసిన "తుపాకిమందు పరిచయం" గురించి. నిజం చెప్పాలంటే ఆరుగురిలో ముగ్గురు దానికోసమే వచ్చారు, నేనూ ఒకణ్ణి. ఇంట్లో చేసుకోవడం నేర్పిస్తారేమోనని ఆశ. మాస్టారు కొలుములన్నీ ఆర్పించి, మమ్మల్ని బయట చెట్టు కింద కూర్చోబెట్టి, "తయారీ నేర్పను, లైసెన్సు లేకుండా ఇంట్లో చెయ్యడం నేరం, పైగా చేతులు పోతాయి" అని మొదలుపెట్టారు. ఆయన చెప్పిన కథ మాత్రం బాగుంది. 1802లో అమెరికాలో బ్రాండీవైన్ అనే ఏటి ఒడ్డున డ్యూపాంట్ కంపెనీ తుపాకిమందు కర్మాగారం పెట్టినప్పుడు మిల్లులకి మూడు వైపులా మందపాటి రాతిగోడలు కట్టి, ఏటి వైపు మాత్రం తేలికగా వదిలేశారట, పేలితే అటు పోవాలని. పేలుతుందని తెలిసే కట్టిన కట్టడం అన్నమాట. పనివాళ్ళ బూట్లకి ఇనుప మేకుల బదులు చెక్క మేకులు, రవ్వ లేవకుండా. అంత చేసినా 1818లో జరిగిన పేలుడులో 30 మందికి పైగా చనిపోయారు. "అక్కడ బూటు మేకుకే భయపడ్డారు, మనమేమో నిమిషానికి వంద రవ్వలు లేపే చోట కూర్చున్నాం" అన్నారు. కొలిమికీ ఆ మందుకీ బొగ్గు ఒకటే చుట్టం, మిగతా అంతా వైరమే.

ఆయన చెప్పింది సబబే. కానీ చెప్పదలచుకుంది ఇదే అయితే బ్రోషర్‌లో ఆ ముక్క అలా ఎర వేసినట్టు పెట్టకూడదు. నాతో వచ్చిన ఒకతను ఆ సాయంత్రమే ఫీజు వాపసు అడిగాడు, నిర్వాహకులు ఇవ్వలేదు, నాకు అతని వైపే న్యాయం కనపడింది. ఆ పేరు తీసేసి "తుపాకిమందు చరిత్ర, జాగ్రత్తలు" అని రాస్తే ఏ గొడవా ఉండదు.

వెళ్ళేవాళ్ళు నూలు బట్టలే వేసుకోండి, పాలిస్టర్ మీద రవ్వ పడితే కరిగి ఒంటికి అతుక్కుంటుంది. కళ్ళజోళ్ళు వాళ్ళిస్తారు కానీ గీతలు పడి మసకగా ఉన్నాయి, సొంతవి తీసుకెళ్ళడం మేలు. చెవుల్లో పెట్టుకునేవి అసలివ్వలేదు. రెండు రాత్రులు నా చెవుల్లో "టంగ్ టంగ్" ఆగలేదు. సుత్తి చేతికి గ్లౌజు వద్దు, పట్టు జారుతుంది. మొదటి రోజు పొద్దున కాస్త ముందే వెళ్ళి ఎడమ పక్కనున్న దాగలి ఎంచుకోండి, అదే మంచిది.

నిన్న నా ఉలితో తుప్పు పట్టిన మేకు ఒకటి నరికాను. అంచు వంగలేదు, విరగలేదు. కొక్కేన్ని తలుపు వెనక బిగించి హెల్మెట్ తగిలించాను, కొద్దిగా ఎడమకి వాలి వేలాడుతోంది.