వైపాటియా కోసం డన్‌ట్రూన్ వెళ్ళేవారికి

న్యూజిలాండ్ దక్షిణ ద్వీపంలో డన్‌ట్రూన్ చిన్న ఊరు. సుమారు 2.5 కోట్ల ఏళ్ళ కిందటి వైపాటియా మేరేఫెనువా డాల్ఫిన్ శిలాజం దొరికింది ఈ ప్రాంతపు సున్నపురాతిలోనే. ఒటాగో విశ్వవిద్యాలయానికి చెందిన యూవన్ ఫోర్డైస్ 1994లో దానికి పేరు పెట్టి, మన గంగా డాల్ఫిన్‌కు దూరపు చుట్టంగా లెక్కగట్టారు. ముందు పళ్ళు కోరల్లా బయటికి పొడుచుకొచ్చి, వెనకవి రంపపు అంచులతో ముక్కోణాల్లా ఉంటాయి.

బస దగ్గర్లోని ఓమరూ పట్టణంలో రెండు రాత్రులు పెట్టుకోవడం మేలు. డన్‌ట్రూన్ అక్కడికి సుమారు 40 కిలోమీటర్లు, కారు తప్పనిసరి. డునెడిన్ నగరం నుంచి ఒక్క రోజులో వెళ్ళి రావచ్చు గానీ, ఓమరూ దాకానే 110 కిలోమీటర్లకు పైనే. సాయంత్రపు వెలుగు దక్కకుండానే తిరుగుముఖం పట్టాలి. ఆరుబయటి శిలాజాలు చూడటానికి ఆ వెలుగే ముఖ్యం. ఎండ ఏటవాలుగా పడితేనే రాతిలోని ఎముకల అంచులకు నీడ వస్తుంది; మిట్టమధ్యాహ్నం తెల్లరాయి కళ్ళు చెదరగొడుతుంది, శిలాజాల మీది పారదర్శక ఫలకం అద్దంలా మెరుస్తుంది.

ముందు డన్‌ట్రూన్‌లోని శిలాజాల ప్రదర్శనశాల, వానిష్డ్ వరల్డ్ సెంటర్ చూడండి. అక్కడ పుర్రెలు, పళ్ళు దగ్గర నుంచి చూస్తే కన్ను అలవాటుపడుతుంది. తెరిచే వేళలు కాలాన్ని బట్టి మారతాయి, ముందే కనుక్కోండి. నేరుగా అనాతినీ అనే ఆరుబయటి శిలాజ స్థలానికి వెళ్ళినవారు చాలామంది డాల్ఫిన్ కనబడలేదని నిరాశపడతారు. అక్కడ రాతిలో ఉన్నది బలీన్ తిమింగలం, అంటే పళ్ళకు బదులు నోట్లో జల్లెడలాంటి పలకలుండే రకం. ఎర్త్‌క్వేక్స్ అనే మరో చోటులోనూ తిమింగలం ఎముకలే. అయినా ఆ రెండూ వదులుకోదగినవి కావు: వైపాటియా ఈదిన సముద్రపు అడుగు ఆ రాళ్ళే.

ఎర్త్‌క్వేక్స్ దగ్గర కొండచరియ విరిగి జారింది, గడ్డిలో లోతైన పగుళ్ళు దాక్కుని ఉంటాయి. పిల్లల చెయ్యి వదలకండి, చరియ అంచు కింద నిలబడకండి. పశువుల గేటు ఎలా ఉంటే అలాగే వదలాలి. రాయి పెచ్చు కూడా ఏరుకోకూడదు.

పేరు పెట్టడానికి ఆధారమైన అసలు పుర్రె డునెడిన్‌లో, ఒటాగో విశ్వవిద్యాలయ భూగర్భశాస్త్ర మ్యూజియం సేకరణలో ఉంది. ప్రదర్శనలో ఉంచారో లేదో ఈమెయిల్‌లో అడిగాకే ఆ ప్రయాణం పెట్టుకోండి.

శాకాహారులు భోజనం ఓమరూ నుంచే కట్టుకెళ్ళాలి. ఇంటి నుంచి ఆవకాయ, పొడులు తెస్తుంటే న్యూజిలాండ్ విమానాశ్రయంలో ప్రకటించండి. దాస్తే అక్కడికక్కడే 400 న్యూజిలాండ్ డాలర్ల జరిమానా. మట్టి అంటిన బూట్లనూ ప్రకటించాలి, కడిగి తెస్తే త్వరగా వదిలేస్తారు.