హోమ్‌బ్రూ కెగ్గులో అల్లం సోడా: విశాఖలో చాలాకాలం వాడాక

ముందే చెప్పేస్తాను: ఈ సెటప్పులో డబ్బు దగ్గర వెనకాడకూడని వస్తువు రెగ్యులేటరు, అంటే సిలిండరులోంచి వచ్చే కార్బన్ డయాక్సైడు (సీవో2) గ్యాసు ప్రెషరుని తగ్గించి కెగ్గుకి పంపే పరికరం. మిగతావి చవకవైనా, పాతవైనా నడిచిపోతాయి.

వస్తువేమిటంటే, బయటి దేశాల్లో ఇంట్లో బీరు కాచుకునేవాళ్ళు వాడే 19 లీటర్ల బాల్‌లాక్ స్టీలు కెగ్గు, అంటే గ్యాసు, ద్రవం పైపుల కనెక్టర్లు నొక్కగానే పట్టేసే పీపా. అసలు ఇవి పుట్టింది సోడా కంపెనీల సిరప్పు కోసమే. లైసెన్సు లేకుండా బీరు కాయడం మన దగ్గర నేరం కాబట్టి ఇందులో పోసేది పాడేరు అల్లం సోడా, లేదంటే సుగంధి సోడా. సామాను బీరుకీ సోడాకీ ఒకటే, మారేవి ప్రెషరూ పైపు పొడవూ.

ఫ్రిజ్ సెకండ్ హ్యాండ్ సింగిల్ డోరుది చాలు. కొనేముందు 22 సెం.మీ. వెడల్పు, 65 సెం.మీ. ఎత్తున అట్టముక్క కత్తిరించి తీసుకెళ్ళండి. వెనక అడుగున కంప్రెసర్ దగ్గర మెట్టు, పైన ఫ్రీజర్ డబ్బా ఉంటాయి. ఈ రెండిటి మధ్య అట్ట నిలబడకపోతే కెగ్గూ నిలబడదు. గ్యాసు పైపు కోసం కన్నం తలుపుకే వేయాలి. పక్క గోడల్లో కాయిల్ దాగి ఉండొచ్చు, డ్రిల్లు తగిలితే ఫ్రిజ్ పోయినట్టే. ట్యాపు బయట బిగించడం చూడ్డానికి బావుంటుంది గానీ, వేడెక్కిన ట్యాపులోంచి మొదటి గ్లాసు మొత్తం నురగే. చేత్తో నొక్కే ప్లాస్టిక్ ట్యాపుని లోపలే వేలాడదీస్తే ఆ బాధ లేదు, ఖర్చూ తక్కువ.

నురగకి అసలు మందు పైపు పొడవు. వాటర్ ప్యూరిఫయర్లకి వాడే పావు అంగుళం తెల్ల ఆర్‌వో పైపు దీనికి సరిగ్గా సరిపోయింది. లోపలి వ్యాసం 4 మి.మీ. పైచిలుకు, ఏ హార్డ్‌వేర్ షాపులోనైనా దొరుకుతుంది. సోడాకి 2 బార్ల ప్రెషరు పెడతాం కాబట్టి 6 మీటర్లతో మొదలుపెట్టి, ధార మరీ నెమ్మదిగా వస్తే జానెడు చొప్పున తగ్గించుకోండి. బీరు ప్రెషరు 0.8 బార్ అయితే 2 మీటర్లు చాలు. కెగ్గు కనెక్టరు ముక్కు ఈ పైపు కన్నానికి లావు. పైపు కొసని మరిగే నీళ్ళలో అర నిమిషం ముంచి, మెత్తబడగానే ఎక్కించి క్లాంపు వేయాలి. ఆర్‌వో ఫిట్టింగుల మర కెగ్గు కనెక్టరు మరకి కలవదు. టెఫ్లాన్ టేపు చుట్టి బలవంతంగా తిప్పితే మర చెడుతుంది, లీకు మాత్రం ఆగదు.

ద్రవం 4 డిగ్రీలకి చల్లబడ్డాకే గ్యాసు పట్టించండి. అదే 2 బార్లకి 30 డిగ్రీల్లో కలిసే గ్యాసు ఇంచుమించు సగమే. కదపకుండా ఉంచితే వారం పడుతుంది. ఒక్కో కెగ్గులో సోడాలో కలిసే గ్యాసు 150 గ్రాములు, సోడాని బయటికి తోయడానికి మరో 110. అంటే 2 కిలోల సిలిండరు ఏడు కెగ్గులకి వస్తుంది. ఎంత మిగిలిందో గేజి చెప్పదు, తూచి చూసుకోవాల్సిందే. ఖాళీ బరువు సిలిండరు భుజం మీద చెక్కి ఉంటుంది. గాజువాక ఆటోనగర్ వైపు గ్యాసు నింపించుకుంటే ఫుడ్ గ్రేడ్ అని గట్టిగా అడగండి.

వెల్డింగు రెగ్యులేటరు వద్దు. దాని గేజిలో 1 బారుకీ 2 బార్లకీ మధ్య తేడా కనపడదు. 0 నుంచి 4 బార్ల గేజి ఉన్నది తీసుకోండి. 2 దగ్గర పెట్టి, కెగ్గు వైపు మూసేసి రాత్రంతా వదలండి. పొద్దున్నకి ముల్లు రెండున్నరకి పాకితే లోపల గ్యాసుని ఆపే సీటు పాడైనట్టే, ఆ రెగ్యులేటరుని వెనక్కిచ్చేయండి. కెగ్గుకీ రెగ్యులేటరుకీ మధ్య నాన్ రిటర్న్ వాల్వు (ఒకవైపే పోనిచ్చేది) తప్పనిసరి. లేకపోతే చక్కెర పాకం రెగ్యులేటరులోకి ఎదురెక్కుతుంది. సీవో2 అగ్నిమాపక సిలిండరు తగిలించే ఆలోచన కూడా మానుకోండి. దాంట్లో అడుగుదాకా గొట్టం ఉంటుంది, గ్యాసు బదులు ద్రవం తన్నుకొస్తుంది.

2 కిలోలూ ఒకేసారి లీకైతే 1,100 లీటర్ల గ్యాసు. పదడుగుల చదరపు గదిలో అది గాలిలో 4 శాతం, ప్రాణానికే ముప్పు. తలుపులు మూసి ఏసీ వేసుకునే పడగ్గదిలో దీన్ని పెట్టొద్దు. సిలిండరుని గోడకి గొలుసుతో కట్టండి, రాత్రిపూట వాల్వు కట్టేయండి.

సముద్రం దగ్గరి ఇళ్ళలో ముందు పోయేవి క్లాంపులు, తరవాత రెగ్యులేటరు మూత స్క్రూలు. మామూలు ఇనుప క్లాంపు ఒక్క వానాకాలానికే తుప్పు పొడి రాలుస్తుంది, స్టెయిన్‌లెస్‌వే కొనండి. బ్లీచింగు నీళ్ళు కెగ్గులో పోయకండి, స్టీలుకి గుంటలు పడతాయి. వేడినీళ్ళలో చాకలి సోడా, ఆపైన నిమ్మఉప్పు నీళ్ళు చాలు. అల్లం రసాన్ని పల్చటి మల్లు గుడ్డలో రెండుసార్లు వడకట్టాలి, ఒక్క పీచు వాల్వులో ఇరుక్కున్నా ధార ఆగిపోతుంది. ఓ-రింగులకి (కెగ్గు అతుకుల్లోని రబ్బరు రింగులు) ఫుడ్ గ్రేడ్ సిలికాన్ గ్రీజు రాసి, ప్రతి అతుకునీ సబ్బు నురగతో పరీక్షించండి.

వారానికి రెండు లీటర్లు మించి తాగని ఇంటికి ఇంత హంగు అక్కర్లేదు. రెండు లీటర్ల కూల్‌డ్రింకు సీసా, దానికి పట్టే, గ్యాసు పైపు తగిలించుకునే మూత, ఇదే రెగ్యులేటరు చాలు.