వచ్చినవి లెక్కపెడుతుంది, రానివాటి ఊసెత్తదు: పైథాన్ కౌంటర్‌తో నా అనుభవం

క్విజ్ ప్రోగ్రాములో ప్రశ్నలు సరిగ్గా కలగలిసి వస్తున్నాయా, ఒకే ప్రశ్న పదేపదే తగులుతోందా అని తేల్చుకోవడానికి పైథాన్ కౌంటర్ పట్టుకున్నాను. పైథాన్ ప్రోగ్రామింగ్ భాషలో ఏది ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టే పనిముట్టు అది. ఏళ్లయింది, ఇప్పటికీ అదే వాడుతున్నాను.

అంతకుముందు ఖాళీ డిక్షనరీ (పేరు పక్కన విలువ దాచే పట్టిక) పెట్టి, కీ, అంటే ఆ పేరు, అందులో ఉందా లేదా అని ఇఫ్ షరతు రాసి, ఒకటి కలిపే తంతు. దానికి ముందైతే లిస్టు కౌంట్ మెథడే. అది ఒక్కో అంశానికీ లిస్టంతా మొదటినుంచి చదువుతుంది, లిస్టు పెరిగితే నత్తనడకే. కౌంటర్ ఒక్క చుట్టులో ముగిస్తుంది. లెక్కలన్నిటి మొత్తం కావాలంటే పైథాన్ 3.10 నుంచి టోటల్ మెథడ్ కూడా ఉంది.

ఇక నన్ను ఏడిపించిన సంగతి. 20 ప్రశ్నల్లోంచి 60 సార్లు తీశాను. ఎక్కువసార్లు వచ్చినదాని నుంచి తక్కువ వైపు పేర్చి ఇచ్చే మోస్ట్ కామన్ మెథడ్ వరసలో చివరిది చూసి, అతి తక్కువగా వచ్చింది ఇదే, ఒక్కసారి, అని రాసిపెట్టుకున్నాను. అక్కడ 19 ప్రశ్నలే ఉన్నాయని చాలాసేపటికి గానీ చూడలేదు. ఇరవయ్యోది అసలు రానేలేదు! పేరు పెట్టి అడిగితే కౌంటర్ ఎర్రర్ ఇవ్వకుండా సున్నా అంటుంది, అడక్కపోతే గప్‌చుప్. ఇదేమీ అరుదు కాదు. ఫలానా ప్రశ్న 60 సార్లలో ఒక్కసారీ రాకుండా పోయే అవకాశం దాదాపు 4.6 శాతం. ప్రశ్నలు 20 కాబట్టి ప్రతి రన్‌లో సగటున ఒకటి దాకా గల్లంతే.

మందు సులువే. ముందే అన్నిటికీ సున్నా పెట్టి కౌంటర్ తయారుచేసి, తర్వాత అప్‌డేట్ మెథడ్‌తో వచ్చినవాటి లెక్క కలపాలి. హమ్మయ్య అనుకుని రెండు రన్‌ల లెక్కల్ని ప్లస్‌తో కలిపాను. సున్నాలు మళ్లీ మాయం. ప్లస్, మైనస్ గుర్తులు సున్నాల్నీ రుణ సంఖ్యల్నీ పారేస్తాయి. కలిపే అప్‌డేట్, తీసేసే సబ్‌ట్రాక్ట్ మెథడ్‌లు వాటిని ఉంచుతాయి. డాక్యుమెంటేషన్‌లో ఉన్నదే, చదవనిది నేనే.

ఇంకోసారి లెక్కలన్నీ 1 అనే వచ్చాయి. అది కౌంటర్ తప్పు కాదు. ప్రశ్నల్ని యాదృచ్ఛికంగా తీయడానికి ఛాయిసెస్ ఫంక్షన్ బదులు శాంపిల్ రాశాను. ఛాయిసెస్‌లా కాకుండా శాంపిల్ తీసినదాన్ని తిరిగి కుప్పలో వేయదు.

కొత్తగా వాడేవాళ్లు తేడాలకు బెదరకండి. పాచికను 6,000 సార్లు వేయిస్తే ఒక్కో ముఖం 1,000 సార్లు రావాలి గానీ, 30 అటూ ఇటూ మామూలే, 50 కూడా వింత కాదు. 1,041 చూసి, యాదృచ్ఛికంగా ఎంచే పైథాన్ ర్యాండమ్ మాడ్యూల్ మీద అనుమానంతో నేనొక సాయంత్రమంతా తగలేశాను.

ఐదుకు నాలుగు ఇస్తాను. ఆ ఒక్కటీ ప్లస్ గుర్తుకు కోసింది.