హెచ్-ఇండెక్సా, ఆర్‌సీఆరా?

తార్నాకలో పోషకాహారం మీద పనిచేసేవారినీ, పక్కనే హబ్సిగూడ సీసీఎంబీలో జన్యువుల మీద పనిచేసేవారినీ ఒకే తక్కెడలో తూచవచ్చా? ఇంటర్వ్యూ కమిటీలు చాలావరకు తూచేస్తాయి, హెచ్-ఇండెక్స్ అనే ఒక్క అంకెతో.

2005లో హోర్హే హిర్ష్ అనే భౌతిక శాస్త్రవేత్త చెప్పిన లెక్క ఇది. కనీసం 20 సైటేషన్లు (వేరే పేపర్లు దాన్ని ఉదహరించడం) చొప్పున వచ్చిన పేపర్లు 20 ఉంటే హెచ్ 20. నోటితోనే లెక్క తేలుతుంది, అదే దాని బలం. కానీ ఒక్క పేపర్‌కు వెయ్యి సైటేషన్లు వచ్చినా హెచ్ ఒకటికి మించి కదలదు. పైగా అది పెరగడమే తప్ప తగ్గదు; పరిశోధన మానేసిన సీనియర్‌దీ పెరుగుతూనే ఉండొచ్చు! నిన్నగాక మొన్న పీహెచ్‌డీ అయినవాళ్లకు టెన్షన్ ఇక్కడే.

ఆర్‌సీఆర్ (రిలేటివ్ సైటేషన్ రేషియో) అమెరికా ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ ఎన్‌ఐహెచ్ వాళ్లది. పేపర్‌కు ఏటా వచ్చే సైటేషన్లను అదే రంగం పేపర్లతో పోలుస్తుంది. 1 వస్తే ఎన్‌ఐహెచ్ నిధులతో వచ్చిన పేపర్ల మధ్యస్థానంలో ఉన్నట్టు. వాళ్ల వెబ్‌సైట్ ఐసైట్‌లో ఉచితంగా చూడొచ్చు, వైద్య, జీవశాస్త్ర పేపర్ల జాబితా పబ్‌మెడ్‌లో ఉన్నవి మాత్రమే. కొలబద్ద అమెరికాదన్న చిరాకు నాకూ ఉంది. అయినా రంగాలు వేరైనప్పుడు నేను దీన్నే ముందు చూస్తాను.